రెండు పాత కేమెరాలు



హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము, నానకరామగూడ మున్నగు గ్రామములు కలవు. కలవు అనుటకంటె ఉండెననుట న్యాయము. ముప్పది యేండ్ల క్రిందట ఆ గ్రామము లెట్లుండెనో చూపు ఛాయాచిత్ర మొక్కటి తెచ్చి యిండని ఆ ప్రాంతపు పెద్దల నడిగినచో, తేగలవారు మిక్కిలి యరుదు. పెండ్లి చిత్రములుండును. బడిపిల్లలు వరుసగా నిలుచున్న చిత్రముండును. పట్టా పుస్తకమున నంటించిన తలకాయ బొమ్మ యుండును. చెరువుకట్ట, తూము, బొడ్రాయి, కల్లుమండువ, గుండ్లగుట్టల నడుమ జొన్నచేను, వీనిని పనిగట్టుకొని తీసినవారు లేరు. ఇది అశ్రద్ధ యని నేననను. ఫిలిము చుట్ట యొకదానికి 36 బొమ్మలు మాత్రమే వచ్చెడివి. కడుగుటకు వేరు ఖర్చు, అచ్చువేయుటకు వేరు ఖర్చు. అంత వ్యయముతో తూముకు బొమ్మ తీయుమన్నచో ఇంటివారు నవ్వియుందురు.

నేడు నేను చెప్పబోవునది రెండు పాత కేమెరాల సంగతి. ఔటరు రింగురోడ్డునకు ఆవల నున్న యొక గ్రామపు గ్రంథాలయమువారు చందాలు వేసికొని ఒక కేమెరా కొనదలచిరి. వారి చెరువుకట్టపై అక్షరములు చెక్కిన రాయి యొకటి కలదు. రోడ్డు వెడల్పు చేయుదురని వినుచున్నారు. రాయి యెచ్చటికి పోవునో తెలియదు. రెండిండ్లలో తాటాకు కట్టలున్నవి. ఎనుబది యేండ్లు దాటిన ముసలివారు నలుగురు మిగిలియున్నారు. క్రొత్త కేమెరాకు వారి చందా చాలదు. కోఠీ దుకాణములలో వారికి రెండు పాతవి చూపిరి. ఒకటి కేనన్ 300డి, రెండవది నికాన్ డి70. రెండింటిలో నేది తీసికొనవలెనని వారు నన్నడిగిరి.

ప్రశ్న చిన్నదే. కాని దానికి సమాధానము చెప్పుటకు మునుపు ఈ యంత్రములు మన ప్రాంతమున కెట్లు వచ్చినవో కొంత చెప్పవలసియున్నది.

హైదరాబాదునకు ఛాయాచిత్రకళ యనగానే రాజా దీన్‌దయాళ్ పేరు తలపునకు వచ్చును. ఆయన 1844లో మీరటు దగ్గరి సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో కొలువుచేయుచు ఈ విద్య నభ్యసించెను. తరువాత ఆరవ నిజాము మహబూబు అలీఖానుగారి ఆస్థాన ఛాయాచిత్రకారు డాయెను. 1894లో ఆయనకు రాజా బిరుదము లభించెను. సికింద్రాబాదులో ఆయన చిత్రశాల యుండెను. 1892లో ఘోషా స్త్రీల కొరకు ప్రత్యేకముగా స్త్రీ యధికారిణి క్రింద నింకొక చిత్రశాలను గూడ తెరచెను. కోటలు, వేటలు, దర్బారులు, సైన్యపు కవాతులు, కరవుకాలపు పనులు, అన్నింటిని తీసెను. 1905లో గతించెను. ఆయన గాజు ఫలకములలో 2857 ఫలకములను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు కొని భద్రపరచిరి. నూరేండ్లు దాటిన యా గాజుపై అలనాటి ముఖములు నేటికిని చెక్కుచెదరక యున్నవి. ఈ మాటను మనసున నుంచుకొనుడు. దీనితో పిదప పనియున్నది.

ఆయన కాలమునను రెండింటిలో నేదియను ప్రశ్న యుండెను. మొదట తడిఫలకము లుండెడివి. గాజుపై రసాయనము పూసి, అది యారకమునుపే చిత్రము తీసి, వెంటనే చీకటి డేరాలో కడుగవలయును. చిత్రము బహు సూక్ష్మముగా వచ్చును. కాని వెంట డేరా, సీసాలు, కూలీలు, నీళ్లు నడువవలెను. తరువాత పొడిఫలకములు వచ్చెను. ముందుగనే తయారుచేసి పెట్టెలో పెట్టుకొని యెచ్చటికైన పోవచ్చును. ఏది మేలనుట తీయవలసిన వస్తువును బట్టి, పోవలసిన దారిని బట్టి నిర్ణయమయ్యెడిది. నేటికిని నిర్ణయించు తీరు అదియే.

గాజు పోయి ఫిలిము వచ్చెను. ఫిలిము పోయి అంకెలు వచ్చెను. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు విల్లార్డ్ బోయిల్, జార్జి స్మిత్ అను నిరువురు సి.సి.డి. యను వెలుతురు పట్టు పలకను కనుగొనిరి. అందులకు 2009లో నోబెలు బహుమాన మొందిరి. 1975లో కోడాకు సంస్థలోని స్టీవెన్ సాసన్ ఆ జాతి పలకతో మొదటి అంకెల కేమెరాను కూర్చెను. అది తీసిన బొమ్మలో 10 వేల చుక్కలు మాత్రమే. ఒక్క బొమ్మను కేసెట్టు టేపుపై వ్రాయుటకు 23 సెకండ్లు పట్టెడిది. 1991లో కోడాకువారే నికాన్ కేమెరా నొకదానిని మార్చి పత్రికా విలేఖరుల కమ్మిరి. దాని జ్ఞాపకపు పెట్టెను వేరుగా భుజమునకు వ్రేలాడదీసికొనవలెను, వెల 20 వేల డాలర్లకు తక్కువ కాదు. 1999లో నికాన్ డి1 వచ్చెను. అప్పటికిని వెల 5 వేల డాలర్లపైనే. సామాన్యునకు అందుబాటు లేదు.

ఇక్కడ చుక్కలనగా నేమో చెప్పెదను. మన యాడువారు వాకిట ముగ్గు వేయునపుడు మొదట చుక్కలు పెట్టుదురు. చుక్కలెన్ని దగ్గరగా నున్న ముగ్గులో నన్ని వంపులు తీర్పవచ్చును. కేమెరా లోపలి పలకయు అట్టిదే. ప్రతి చుక్కయు తనపై పడిన వెలుతురు నంతటిని పోగుచేసికొనును. ఆ పోగును కొలుచుటలో రెండు పద్ధతులున్నవి. సి.సి.డి. పద్ధతిలో కళ్లములోని గంప లన్నియు చేతినుండి చేతికి అందించబడుచు చివర కూర్చున్న యొక్క కొలగానిచెంతకు పోవును. సీమాస్ పద్ధతిలో ప్రతి గంపకును ప్రక్కనే మానిక పట్టుకొని యొకడుండును. మొదటిదానిలో కొలత యంతయు నొక్క చేతిది కనుక ఏకరీతిగా నుండును; రెండవదానిలో శక్తి తక్కువ ఖర్చగును, చేయుట చౌక. నికాన్ డి70 లోపల నున్నది మొదటి పద్ధతి. కేనన్ 300డి లోపల నున్నది రెండవది. తరువాతి కాలమున రెండవ పద్ధతియే లోకమంతట నెగ్గినది. అంతమాత్రమున మొదటిది చెడ్డదని తలపరాదు.

మరల మన పడమటి గ్రామములకు వత్తము. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. దాని గచ్చిబౌలి యావరణలోని గుండ్లు నేటికిని చూడదగినవి. 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు మాదాపురమున సైబర్ టవర్సు భవనమును ప్రారంభించిరి. నాటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడుగారు. దానినే హైటెక్ సిటీకి మొదటి మెట్టని చెప్పుదురు. 2001లో గచ్చిబౌలియందు వ్యాపారవిద్యా సంస్థ వెలసెను. 2003లో సైబరాబాదు పోలీసు కమీషనరేటు ఏర్పడుటతో ఆ పేరు సర్కారు కాగితములకు నెక్కెను. ఆ పిదప నాగుట లేదు. మెట్రో రైలు 2019లో వచ్చెను. గోలకొండకు నీరందించినదని ప్రసిద్ధిగాంచిన దుర్గము చెరువుపై తీగల వంతెన 2020లో తెరువబడెను. రెండువందల యేబది కోట్ల యేండ్లనాటి యా గుండ్లను పగులగొట్టి కంకర చేయుచుండగా చూడలేక కొందరు 1996లోనే రాళ్ల రక్షణ సంఘమును స్థాపించిరి. వారి పుణ్యమున కొన్ని గుండ్లకు రక్షణ కలిగెను. తక్కినవి నేడు గోడలలోను పునాదులలోను ఉన్నవి.

ఇక చూడుడు. కేనన్ 300డి 2003 ఆగస్టులో వెలువడెను. లెన్సు లేని కేమెరా వెల 899 డాలర్లు. వేయి డాలర్లలోపున వచ్చిన ఈ జాతి కేమెరా అదియే మొదటిదని ప్రసిద్ధి. అయిదు నెలలకు, 2004 జనవరిలో, నికాన్‌వారు డి70ని ప్రకటించిరి. వెల 999 డాలర్లు. అనగా సైబరాబాదను పేరు సర్కారు కాగితమున కెక్కిన యేటనే సామాన్య ఉద్యోగి కొనగలిగిన మంచి కేమెరాయు వచ్చెనన్నమాట. గుండ్లు పగులుచున్న కాలమున, క్రేనులు లేచుచున్న కాలమున, కొత్తగా జీతములందుకొనుచున్న యువకుల మెడలలో ఈ రెండు కేమెరాలు వ్రేలాడినవి. ఆదివారములందు వారు తీసిన బొమ్మలే నేడు ఆ ప్రాంతపు చరిత్రకు సాక్ష్యములు. తాము చరిత్ర వ్రాయుచున్నామని వారికి తెలిసియుండదు.

ఇక పోలిక.

చుక్కల లెక్కలో రెండును సరిసమానములు. 300డి బొమ్మ అడ్డముగా 3072, నిలువుగా 2048 చుక్కలు. డి70 బొమ్మ 3008, 2000. ఈ భేదమును పట్టించుకొనువాడు దుకాణదారు డొక్కడే. మూరెడు పొడవుగల తాటాకును డి70తో అంచునుండి యంచువరకు తీసినచో సెంటీమీటరునకు 65 చుక్కలపైన పడును. మూడు మిల్లీమీటర్ల యక్షరమునకు ఇరువది చుక్కలు. గంటము గీత చదువుట కది చాలును; గీతలో మసి నిండియున్నదా లేదా యని చూడవలెనన్న ఆకును రెండు ముక్కలుగా తీయవలెను. కావున ఈ విషయమున నెక్కువ తక్కువలు లేవు.

చీకటిలో కేనన్ మేలు. గర్భాలయమునందు దీపపు వెలుతురులో ఫ్లాషు లేకుండ తీయునపుడు వెలుతురు పట్టు శక్తిని 1600 వరకు రెండింటను పెంచవచ్చును. కాని ఆ యెత్తున కేనన్ బొమ్మలో ఇసుక చల్లినట్లు కనబడు మచ్చలు తక్కువ. పట్టపగలు శక్తిని తగ్గించుటలోను కేనన్ 100 వరకు దిగును, నికాన్ 200 దగ్గరనే యాగును. ఈ మేలు చిన్నది కాదు. ఐతే రాయి కదలదు, తాటాకు కదలదు. ముక్కాలిపై కేమెరా నిలిపి ఒక సెకండు, రెండు సెకండ్లు తెరచియుంచినచో శక్తి పెంచవలసిన పనియే లేదు. ముసలివారిని తీయునపుడు వాకిట వేపనీడలో కూర్చుండబెట్టిన సరి. కేనన్ మేలు నిజమే గాని యా గ్రామమునకు దాని యవసరము స్వల్పము.

వేగమున నికాన్ మేలు. మీట త్రిప్పినతోడనే అది మేలుకొనును. కేనన్ మేలుకొనుటకు రెండు మూడు సెకండ్లు పట్టును. సెకండుకు నికాన్ మూడు బొమ్మలు తీయును. కేనన్ రెండున్నర చొప్పున నాలుగు తీసి ఊపిరి పీల్చుకొనుటకు ఆగును. రెండు సెకండ్లకే యింత మాట యేల యందురా? బోనాలనాడు పోతరాజు కొరడా ఝళిపించు గడియ రెండు సెకండ్లే. అది తప్పిన మరుసటి యేడు వరకు కనిపెట్టుకొని యుండవలెను.

మూడవది కొంత వింత కథ. కేనన్‌వారు 300డి లోపల తమ పెద్ద కేమెరాయగు 10డి పలకనే పెట్టిరి. కాని పెద్దదాని యమ్మకము చెడకుండుటకు చిన్నదానిలో కొన్ని సౌకర్యములకు తాళము వేసిరి. వెలుతురు కొలుచు పద్ధతిని మనకిష్టమైనట్లు మార్చుకొన వీలులేదు. ఫ్లాషు బలమును హెచ్చు తగ్గులు చేయ వీలులేదు. వాడుకరులలో కొందరు నేర్పరులు లోపలి యాజ్ఞలను మార్చి యా తాళములలో కొన్నింటిని తీసిరి. లోపల గది యున్నదని తెలిసినపుడు తలుపు మూసియుంచుట కష్టము. నికాన్‌వారు ఇట్టి తాళములు వేయలేదు. చుక్కంత స్థలమున వెలుతురు కొలుచుట డి70లో కలదు. నల్లని రాతిపై ఎండపడినపుడు అక్షరముల మీది వెలుతురును మాత్రమే కొలుచుట కది మిక్కిలి యుపయోగము.

శాసనము తీయువారికి ముఖ్యమైన మాట యొకటున్నది. రాతికి ఎదురుగా వెలుతురు వేసిన అక్షరములు మాసిపోవును. వెలుతురు ప్రక్కనుండి, రాతిని రాచుకొనుచు పోవలెను. అప్పుడు ప్రతి గంటులోను నీడ నిలిచి అక్షరము లేచివచ్చును. డి70 తనపైనున్న చిన్న ఫ్లాషుతో దూరముగా పెట్టిన ఇంకొక ఫ్లాషునకు తీగ లేకుండ సైగ చేయగలదు. 300డికి ఆ విద్య రాదు. ఐనను ఇది తప్పనిసరి యని చెప్పజాలను. ఉదయము ఏడు గంటల యెండ రూపాయి ఖర్చు లేకుండ ఆ పని చేసిపెట్టును. రాయి తూర్పుగోడనో పడమటిగోడనో ఉండక ఉత్తరమునకు తిరిగియున్నచో మాత్రము ఫ్లాషు కావలసివచ్చును. ఆ గ్రామపు రాయి ఉత్తరమునకే తిరిగియున్నది.

నికాన్‌లో దోషములు లేకపోలేదు. సన్నని నేత చీరను తీసినచో బట్టపై లేని రంగుల యలలు కనబడుట కలదు. మొదటి డి70లలో కొన్ని పచ్చదీప మార్పి వెలిగించుచు పని మానివేసెడివి. కంపెనీవారు 2005లో ఒప్పుకొని ఊరకనే బాగుచేసియిచ్చిరి. ఇరువది యేండ్లు గడచిన నేడు ఆ సదుపాయమును నమ్ముకొనరాదు. కనుక కొనకముందు దుకాణమునందే కార్డు పెట్టి ఏబది బొమ్మలైన తీసి చూడవలెను. ఆకాశమునకు గురిపెట్టి, రంధ్రమును మిక్కిలి చిన్నది చేసి యొక బొమ్మ తీసినచో పలకపై దుమ్ము మచ్చలన్నియు బయటపడును. ఈ పరీక్ష రెండు కేమెరాలకు వర్తించును. రెండింటి వెనుక తెర బొటనవ్రేలి గోరుకంటె కొంచెము పెద్దది. కళ్లజోడు పెట్టుకొన్న పెద్దలకు అందులో తమ ముఖము తమకు పోల్చుకొనుట కష్టమే.

గ్రంథాలయ సభలో హైటెక్ సిటీయం దుద్యోగము చేయు యువకు డొకడు అడ్డుతగిలెను. చేతిఫోను లుండగా ఈ ముసలి యంత్రములెందులకని యతని వాదము. న్యాయమైన ప్రశ్నయే. పగటి వెలుతురులో నేటి మంచి ఫోను ఈ రెండింటికంటె నెక్కువ చుక్కలు తీయును. మాటలను, కదలికలను గూడ పట్టును. ఈ రెండు కేమెరాలకు మూగతనము. ముసలివారి మాటలను ఫోనుతోనే పట్టుడని నేనును చెప్పితిని. కాని ఫోను పెక్కు బొమ్మలను కలిపి, అంచులను తానే దిద్ది, నున్నగా చేసి చూపును. ముఖమునకది యందము. అరిగిన అక్షరమునకు ప్రమాదము. సున్న యేదో గంటు ఏదో నిర్ణయించవలసినది చదువరి గాని యంత్రము కాదు. కేమెరాలలో నైతే దిద్దని ముడిబొమ్మను ఉన్నదున్నట్లు దాచుకొనవచ్చును. మరియు ఫోను ఒకనిది. అతడు అమెరికా పోయిన బొమ్మలును పోవును. కేమెరా గ్రంథాలయపు బీరువాలో నుండును.

చివరకు నిర్ణయమునకు తోడ్పడినది ఒక పాత లెన్సు. ఆ యూరి విశ్రాంత యుపాధ్యాయులవారి యింట ఫిలిము కాలపు నికాన్ లెన్సు, 50 మిల్లీమీటర్లది, తనంతట గురి కుదుర్చుకొను జాతిది, పెట్టెలో నుండెను. నికాన్‌వారి లెన్సు బిగింపు 1959 నుండి మూలమున నొక్కటే. డి70 తనలోని మోటారుతో ఆ లెన్సును త్రిప్పగలదు. కేనన్‌వారు 1987లో తమ బిగింపును పూర్తిగా మార్చిరి. అంతకు ముందటివి 300డికి పట్టవు. ముఖములు తీయుటకు ఆ 50 మిల్లీమీటర్ల లెన్సుకంటె కావలసినది లేదు. కావున డి70 తీసికొనుడని చెప్పితిని. ఉపాధ్యాయులవారి పెట్టెలో 1987 తరువాతి కేనన్ లెన్సున్నచో రెండవదే తీసికొనుడని యందును. ఒక్క లెన్సు కొనకుండ మిగిలిన సొమ్ముతో ముక్కాలియు ఫ్లాషును వచ్చినవి.

నేను వారికి నొక్కి చెప్పినది వేరొకటి. దీన్‌దయాళ్ గాజు నూరేండ్లు నిలిచెను. అంకెల బొమ్మ అట్లు నిలువదు; కంప్యూటరు చెడిననాడు వేయి బొమ్మలును ఒక్కసారిగా పోవును. కనుక ప్రతి బొమ్మకును మూడు ప్రతులుండవలెను. రెండు ఊరిలో వేర్వేరు ఇండ్లలో, ఒకటి ఊరి వెలుపల. ముఖ్యమైనవి కాగితముపై అచ్చువేయించి బీరువాలో పెట్టవలెను. రాయి ప్రక్కన అడుగుబద్ద నిలిపి తీయవలెను. శాసనపు బొమ్మ ప్రతిని రాష్ట్ర వారసత్వ శాఖవారికి పంపవలెను. రోడ్డువారు వచ్చుటకు ముందే పంపవలెను.

ఇంకొకటి. దీన్‌దయాళ్ ఫలకములపై వరుస సంఖ్య లున్నవి. ఆ సంఖ్య యున్నందుననే ఏది యేదో నేడు పోల్చుకొనుట సులభమగుచున్నది. అట్లే ఒక గీతల పుస్తకము కొని, బొమ్మ సంఖ్య, తేదీ, స్థలము, అందులోని వారి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వ్రాయుడని చెప్పితిని. మొదటి పుటలో ఇప్పటికి నలుబదియొక్క పంక్తులు నిండినవి. పదునేడవ పంక్తియందు చెరువుకట్ట రాయి యున్నది.